ఎంత? ఎక్కడ? ఎన్నాళ్ళు?
హార్మోను ఆయింట్‌మెంటు ట్యూబు మీద ఉండవలసిన మూడు మాటలు



మన ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర తరచుగా కనబడే దృశ్యం ఒకటుంది. ఒక అమ్మ తన చేతిసంచిలో నుంచి చుట్టలు చుట్టి నొక్కి నొక్కి ఖాళీ చేసిన ఒక ట్యూబు తీసి, "సార్, ఇదే ఇంకొకటి ఇవ్వండి" అని అడుగుతుంది. చీటీ ఉందా అమ్మా అంటే లేదు. ఎవరు రాశారు అంటే, రెండేళ్ళ క్రితం ఆడబిడ్డకు కాలి మీద దురద వస్తే ఎవరో డాక్టరు రాశారు. ఆమెకు తగ్గింది. మిగిలిన మందు ఈమె ముఖం మీద మంగు మచ్చకు పూసుకుంది. నాలుగు రోజుల్లో ముఖం తెల్లగా, నున్నగా వచ్చింది. ఆ తరువాత కూతురికి మొటిమలు వస్తే ఆ పిల్ల కూడా అదే పూసుకుంది. ఇప్పుడు మానేస్తే ముఖం ఎర్రబడి మండుతోంది. అందుకని మళ్ళీ అదే ట్యూబు కావాలి.

ఆ అమ్మ చేసిన తప్పు ఏమిటి? మంచి మందు అని నమ్మింది. ఇంట్లో వారితో పంచుకుంది. మందు వృథా కాకుండా వాడుకుంది. మన ఇళ్ళల్లో ఇవన్నీ మంచి అలవాట్లే. ఆ ట్యూబులో ఉన్నది హార్మోను మందు అని, దానికి కొలత, చోటు, గడువు ఉన్నాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళలో మేము కూడా ఉన్నాము. అందుకే ఈ నెల ఈ సంగతి రాయాలనుకున్నాము.

ట్యూబులో ఉన్నది హార్మోనే

మన మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. అవి ప్రతిరోజూ కార్టిసాల్ అనే హార్మోనును తయారు చేస్తాయి. ఒంట్లో వాపును అణచడం, రక్తంలో చక్కెరను, రక్తపోటును నిలబెట్టడం, జబ్బు చేసినప్పుడు శరీరాన్ని తట్టుకునేలా చేయడం దాని పని. దానికి దగ్గరి బంధువైన కార్టిజోన్‌ను 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు మొదటిసారి కీళ్ళవాతం రోగికి ఇచ్చారు. కదలలేని మనిషి కొద్ది రోజుల్లో లేచి నడవడం చూసి వైద్యలోకం ఆశ్చర్యపోయింది. 1950లో హెంచ్‌కు, కెండాల్‌కు, రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే ఇద్దరు చర్మవైద్యులు హైడ్రోకార్టిజోన్‌ను చర్మం మీద పూసినా పని చేస్తుందని చూపించారు. నేడు మనం స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు అంటున్న మందులన్నీ ఆ వంశంలోనివే.

కాబట్టి స్టెరాయిడ్ అంటే విషం కాదు. మన శరీరం రోజూ తయారు చేసుకునే పదార్థానికి మనిషి చేసిన ప్రతిరూపం అది. అయితే ఈ మందులన్నీ ఒకే బలం గలవి కావు. హైడ్రోకార్టిజోన్ మెత్తని మందు. మొమెటజోన్, బీటామెథజోన్ గట్టివి. క్లోబెటసాల్ అన్నిటికంటె గట్టిది, హైడ్రోకార్టిజోన్ కంటె కొన్ని వందల రెట్లు బలమైనది. ట్యూబులు మాత్రం చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. అందులోని తెల్లని క్రీము కూడా ఒకేలా ఉంటుంది. ఇబ్బందికి మొదటి కారణం ఇదే.

తప్పు రెండు వైపులా ఉంది

ఒక వైపు, ఈ మందును స్నో లాగా, పౌడరు లాగా వాడేవారు ఉన్నారు. పెళ్ళి నిశ్చయమైందని, పండుగకు ఫోటోలు దిగాలని, రంగు రావాలని ముఖానికి పూస్తారు. మొదట్లో ముఖం తెల్లబడిన మాట నిజమే. చర్మం కింది సన్నని రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల అలా కనబడుతుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది. ఎర్రని సన్నని నరాలు బయటికి కనబడతాయి. మొటిమలు గుంపులుగా లేస్తాయి, ఆడపిల్లలకు గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి. ఎండలోకి వెళ్తే ముఖం మండుతుంది. మానేద్దామంటే రెట్టింపు మంట, ఎరుపు. దాంతో మళ్ళీ అదే ట్యూబు. తాగుడు అలవాటు లాంటిదే ఇదీ.

మరో వైపు, అవసరం ఉండి కూడా భయపడి వాడనివారు ఉన్నారు. సోరియాసిస్‌తో మోచేతులు, మోకాళ్ళు పగిలి నెత్తురు కారుతున్నా "స్టెరాయిడ్ అంట, కిడ్నీలు పోతాయంట" అని ఎవరో చెప్పిన మాట విని, ట్యూబు మూత కూడా తీయకుండా దాచిపెట్టిన పెద్దలను మేము చూశాము. పసిబిడ్డకు ఎగ్జిమా వచ్చి రాత్రంతా గోక్కుని ఏడుస్తుంటే, ఆవగింజంత మందు తీసి ఒళ్ళంతా పామి, "ఈ మందు పని చేయలేదు సిస్టర్" అని చెప్పిన తల్లులను చూశాము. మందు పని చేయకపోవడం కాదు, చాలినంత పూయకపోవడం అది.

ఎక్కువ వాడినవారికీ, తక్కువ వాడినవారికీ లోటు ఒక్కటే. ఎంత, ఎక్కడ, ఎన్నాళ్ళు అన్న మూడు మాటలు వారికి తెలియవు. మొదటివారిని "మానెయ్యండి" అని కసరడం, రెండవవారిని "ఏం కాదు, వాడండి" అని విసుక్కోవడం వల్ల ప్రయోజనం లేదు. ఇద్దరికీ ఆ మూడు మాటలూ చెప్పాలి. ఇదే మా అభిప్రాయం.

మన ప్రాంతానికి ముఖ్యమైన హెచ్చరిక: తామర

కోవూరు చుట్టుపక్కల ఊళ్ళ సంగతి మనకు తెలుసు. సముద్రం దగ్గర కాబట్టి ఎండకాలమే కాదు, వానకాలం కూడా చెమటే. మడిలో నాటు వేసే ఆడవారు గంటల తరబడి తడి బట్టలతో ఉంటారు. రొయ్యల గుంటల దగ్గర పని చేసే కుర్రవాళ్ళు తడిసిన ప్యాంటుతోనే పొద్దంతా తిరుగుతారు. మగ్గం గుంటలో కూర్చుని నేసేవారికి నడుము దగ్గర, గజ్జల్లో చెమట ఆరదు. ఇలాంటి చోట్ల తామర సులభంగా పట్టుకుంటుంది.

తామర ఒక రకం బూజు. దానిమీద స్టెరాయిడ్ పూస్తే దురద ఆ రాత్రికే తగ్గుతుంది. దురద తగ్గింది కాబట్టి జబ్బు తగ్గింది అనుకుంటాము. నిజానికి బూజుతో పోరాడుతున్న శరీరాన్ని ఆ మందు జోకొట్టింది. ఊరిని కాపలా కాసేవాడు నిద్రపోతే దొంగకు ఎంత సుఖమో, ఇక్కడ బూజుకు అంత సుఖం. గజ్జల్లో రూపాయి బిళ్ళంత ఉన్న మచ్చ తొడల మీదికి, నడుము మీదికి, పొట్ట మీదికి పాకుతుంది. పైగా దాని రూపం మారిపోతుంది. గుండ్రని అంచు, పొలుసులు కనబడవు కాబట్టి చూసిన డాక్టరు కూడా పోల్చుకోలేకపోవచ్చు. 1968లోనే ఐవ్, మార్క్స్ అనే ఇంగ్లండు వైద్యులు దీనికి "మారువేషం వేసిన తామర" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

అంగళ్ళలో తామరకు ఎక్కువగా అమ్ముడుపోయేవి కలిపిన మందులు. ఒకే ట్యూబులో బూజు మందు, గట్టి స్టెరాయిడ్, సూక్ష్మజీవుల మందు ఉంటాయి. ఏ జబ్బో తెలియనప్పుడు అన్నిటికీ కలిపి కొట్టే మందు అది. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం 328 రకాల మిశ్రమ మందులను నిషేధించినప్పుడు ఇటువంటి చర్మపు క్రీములు కూడా కొన్ని అందులో ఉన్నాయి.

ఇంకొక సంగతి. మామూలు బూజు మందులకు లొంగని కొత్త తామర జాతి ఒకటి మన దేశంలో వ్యాపించింది. 2020లో జపాను శాస్త్రవేత్తలు భారతదేశం, నేపాలు నుంచి వచ్చిన రోగులలో దాన్ని గుర్తించి, మన దేశం పేరు కలిసేలా ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. 2023లో అమెరికాలోని న్యూయార్కులో కూడా అది బయటపడింది. ఈ మొండి తామర పెరగడానికి స్టెరాయిడ్ కలిపిన క్రీములను ఇష్టం వచ్చినట్టు వాడడం ఒక కారణమని చర్మవైద్యులు భావిస్తున్నారు. మన గజ్జల్లో మొదలైన నిర్లక్ష్యం ఎంత దూరం వెళ్తుందో చూడండి.

కాబట్టి గుండ్రని దురద మచ్చ మీద, డాక్టరు చూడకుండా ఏ స్టెరాయిడ్ ట్యూబూ పూయవద్దు. తామర అని తేలితే బూజు మందును మచ్చ అంచు దాటి మరో రెండు సెంటీమీటర్ల వరకు పూయాలి. బయటి నుంచి లోపలికి పూయాలి. దురద తగ్గినా డాక్టరు చెప్పిన వారాలన్నీ వాడాలి. ఇంట్లో ఎవరికి ఉన్నా అందరూ ఒకేసారి చూపించుకోవాలి. తువ్వాలు, లుంగీ, దుప్పటి ఎవరివి వారికే ఉండాలి. వేడినీళ్ళలో ఉతికి ఎండలో బాగా ఆరవేయాలి.

మొదటి మాట: ఎంత?

దీనికి త్రాసు అవసరం లేదు. మీ చూపుడు వేలే కొలత. 1991లో లాంగ్, ఫిన్లే అనే వైద్యులు ఈ పద్ధతిని అందరికీ తెలిపారు. పెద్దవారి చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత వరకు ట్యూబులోని మందును ఒక గీతలాగా పిండండి. అది ఒక వేలికొలత. సుమారు అర గ్రాము ఉంటుంది. వేళ్ళతో సహా రెండు అరచేతులు ఎంత ఉంటాయో, అంత చోటుకు ఈ కొలత సరిపోతుంది.

పెద్దవారికి ఇలా లెక్క వేసుకోవచ్చు:

ఒక చేతికి, మణికట్టు కింది భాగం వరకు: 1 కొలత
ఒక పూర్తి చేతికి, భుజం నుంచి మణికట్టు వరకు: 3 కొలతలు
ఒక పాదానికి: 2 కొలతలు
ఒక కాలికి, పాదం కాకుండా: 6 కొలతలు
ముఖం, మెడ కలిపి: రెండున్నర కొలతలు
ఛాతీ, పొట్ట: 7 కొలతలు
వీపు, పిరుదులు: 7 కొలతలు

ఇవి ఆ భాగమంతా జబ్బు ఉంటే పట్టే కొలతలు. మచ్చ ఉన్నంత మేరకే మందు పూయాలి, మంచి చర్మం మీద కాదు. పసిపిల్లలకు కూడా తల్లి వేలితోనే కొలవాలి, అయితే చాలా తక్కువ. మూడు నుంచి ఆరు నెలల బిడ్డకు ఒక చేయి మొత్తానికి 1 కొలత, ఒక కాలు మొత్తానికి ఒకటిన్నర కొలత చాలు.

ఒక ఉదాహరణ చెబుతాము. రెండు మోచేతుల మీద ఒక్కొక్క అరచేయి అంత సోరియాసిస్ మచ్చ ఉందనుకోండి. రెండిటికీ కలిపి పూటకు ఒక కొలత. రోజుకు ఒకసారి చొప్పున రెండు వారాలు పూస్తే 14 కొలతలు, అంటే 7 గ్రాములు. 15 గ్రాముల ట్యూబులో సగం కూడా అవ్వదు. ఆ ట్యూబు నాలుగు రోజుల్లో అయిపోతే మీరు ఎక్కువ పూస్తున్నారు. రెండు వారాల తరువాత ట్యూబు నిండుగా ఉంటే తక్కువ పూస్తున్నారు. ట్యూబే మీకు సాక్షి.

రెండవ మాట: ఎక్కడ?

ఒంటి మీద చర్మం అంతా ఒకేలా మందును పీల్చుకోదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు దీన్ని కొలిచారు. ముంజేయి లోపలి వైపు చర్మం పీల్చేదాన్ని ఒకటి అనుకుంటే, నుదురు 6 రెట్లు, దవడ 13 రెట్లు, మగవారి వృషణాల తిత్తి 42 రెట్లు పీల్చుకుంటుంది. అరికాలు మాత్రం ఏడవ వంతే. అందుకే అరికాలికి రాసిన గట్టి మందును ముఖానికి గాని, గజ్జలకు గాని పూయడం చాలా ప్రమాదం. ఆడబిడ్డ పాదానికి రాసిన మందు వదిన ముఖానికి పనికిరాదని మేము చెప్పేది ఇందుకే.

కనురెప్పలు మరీ పలచన. అక్కడ నెలల తరబడి పూస్తే కంట్లోకి చేరి నీటికాసులు, శుక్లాలు రావచ్చు. బిడ్డ పిర్రల మీద ఎర్రని దద్దులు వస్తే గట్టి స్టెరాయిడ్ పూసి పైన డైపరు కట్టడం ఇంకొక పెద్ద పొరపాటు. డైపరు మూతలాగా పని చేసి మందును లోపలికి నెడుతుంది. అలా వారాల తరబడి చేస్తే బిడ్డ ముఖం చంద్రబింబంలా ఉబ్బుతుంది. బిడ్డ బొద్దుగా తయారయ్యాడని ఇంట్లోవారు సంతోషిస్తారు. లోపల బిడ్డ సొంత గ్రంథులు పని మానేస్తూ ఉంటాయి. ఇది ప్రాణానికే ముప్పు.

మందు పూసిన చోట డాక్టరు చెప్పకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టకూడదు, బిగువుగా కట్టు కట్టకూడదు.

మూడవ మాట: ఎన్నాళ్ళు?

"తగ్గేదాకా" అన్నది గడువు కాదు. క్లోబెటసాల్ లాంటి బలమైన మందును ఒక విడతలో రెండు వారాలు మించి, పెద్దవారికి సైతం వారానికి 50 గ్రాములు మించి వాడకూడదని మందుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. ముఖానికి మెత్తని మందు కూడా డాక్టరు చెప్పిన కొద్ది రోజులే. రోజుకు ఒకసారి చాలినప్పుడు మూడుసార్లు పూస్తే లాభం మూడింతలు కాదు, నష్టమే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఇది చదివి, నెలల తరబడి వాడుతున్నవారు భయపడి ట్యూబును ఈ రోజే పారవేయవద్దు. ఎక్కువ చోట, ఎక్కువ కాలం వాడినవారు ఉన్నట్టుండి ఆపితే మంట, ఎరుపు తిరగబడతాయి. కొందరికి నీరసం, వాంతులు, కళ్ళు తిరగడం కూడా రావచ్చు. ఆ ట్యూబును వెంట తెచ్చుకుని డాక్టరు దగ్గరకు రండి. బలం తగ్గిస్తూ, రోజులు ఎడం చేస్తూ మాన్పించే పద్ధతి ఉంది. ఏ మందు ఎన్నాళ్ళు పూశారో దాచకుండా చెప్పండి. మేము కోప్పడము.

ఇంట్లో తేలికగా వాడుకునే పద్ధతి

పని మీద పొద్దున్నే వెళ్ళిపోయేవారికి రాత్రి స్నానం తరువాత మందు పూసుకోవడం అన్నిటికంటె సౌకర్యం. ఒళ్ళు మెత్తగా అద్దుకుని, చేతులు కడుక్కుని, కొలత ప్రకారం మందు తీసి, వెంట్రుకలు వాలిన వైపుకు సన్నగా పూయండి. గట్టిగా రుద్దనక్కరలేదు. కొబ్బరినూనె గాని, వేరే తేమ క్రీము గాని వాడేవారు, దానికీ మందుకూ మధ్య అరగంట ఎడం ఇవ్వండి. రెండూ కలిపి పామితే మందు పలచబడి అక్కరలేని చోటికి పాకుతుంది.

పూసుకున్న తరువాత, చేతులకే జబ్బు ఉంటే తప్ప, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ చేత్తోనే కన్ను నలుపుకోవడం, బిడ్డ ముఖం తుడవడం చేయకూడదు. మందు ఇంకేదాకా పూసిన చోటుకు బిడ్డను ఆనించి ఎత్తుకోవద్దు. రొమ్ము మీద పూయమని డాక్టరు చెప్పి ఉంటే, పాలు ఇచ్చే ముందు తడిగుడ్డతో తుడిచి ఇవ్వాలి. ట్యూబును టూత్‌పేస్టు పక్కన పెట్టకండి. పొయ్యి దగ్గర, కిటికీ ఎండలో పెట్టకండి. పిల్లలకు అందని చోట, వాడేవారి పేరు రాసి పెట్టండి.

పెద్ద వయసు ఆడవారికి ఇచ్చే హార్మోను క్రీము

స్టెరాయిడ్లు కాక వేరే హార్మోను క్రీములు కూడా ఉన్నాయి. ముట్లు ఆగిపోయిన ఆడవారికి లోపలి మార్గం ఎండిపోయి మంట పుట్టడం, మాటిమాటికి మూత్రంలో మంట రావడం, జారిన గర్భసంచికి రింగు వేసిన చోట ఒరుసుకోవడం వంటి బాధలకు ఈస్ట్రోజెన్ జాతి క్రీము ఇస్తారు. చాలామంది పెద్దమ్మలు సిగ్గుపడి ఈ బాధను ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పరు. మందు రాసి ఇచ్చినా ఎలా వాడాలో అడగరు. కిటికీ దగ్గర పదిమంది మగవారు నిలబడి ఉంటే ఎలా అడుగుతారు?

అమ్మా, సిగ్గుపడవలసిన పని లేదు. సాధారణంగా మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి, తరువాత వారానికి రెండుసార్లు వాడమంటారు. ట్యూబుతో వచ్చే గొట్టంలో గీత వరకు మందు నింపి, పడుకునే ముందు లోపల పెట్టుకోవాలి. గొట్టాన్ని గోరువెచ్చని నీటితో, సబ్బుతో కడిగి ఆరబెట్టుకోవాలి. వారానికి రెండుసార్లు అన్నది మరచిపోకుండా ఏవైనా రెండు వారాలను గుర్తు పెట్టుకోండి. రొమ్ము క్యాన్సరు వచ్చినవారు ముందుగానే డాక్టరుకు చెప్పాలి. ముట్లు ఆగిన తరువాత మళ్ళీ ఎర్రబట్ట కనబడితే, అది మందు వల్లనే అనుకుని ఊరుకోకుండా వెంటనే రావాలి.

విదేశాలలో ఉన్న మన బిడ్డలకు కూడా ఒక మాట. అక్కడ మగవారికి టెస్టోస్టిరాన్ జెల్, ఆడవారికి ఈస్ట్రోజెన్ స్ప్రే చర్మం మీద వాడడానికి ఇస్తారు. తండ్రి భుజానికి రాసుకున్న జెల్ తాకి చిన్నపిల్లలకు వయసుకు ముందే యవ్వన లక్షణాలు రావడంతో, 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆ జెల్ డబ్బాల మీద గట్టి హెచ్చరిక వేయించింది. 2010లో ఈస్ట్రోజెన్ స్ప్రే గురించి కూడా హెచ్చరించింది. ఏ హార్మోను మందు అయినా నియమం ఒక్కటే. పూసుకున్నవారి ఒంటి మీదనే ఉండాలి, పక్కవారికి అంటకూడదు.

చట్టం ఉంది, చాలలేదు

2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మన దేశంలోని 12 కేంద్రాల చర్మవైద్యులు ముఖం మీద జబ్బుతో వచ్చిన 2,926 మందిని పరిశీలించారు. వారిలో 433 మంది స్టెరాయిడ్ పూసుకుంటున్నారు. ఆ 433 మందిలో 257 మందికి ఆ మందు చెప్పింది డాక్టరు కానే కాదు. స్నేహితులు, చుట్టాలు, అంగడివారు, ఇలాంటివారు. అయితే మిగిలిన 176 మందికి చెప్పింది డాక్టర్లే అన్న సంగతి కూడా మేము దాచము.

అంతకు ముందు ఒంటికి పూసే మందులకు చీటీ నిబంధన నుంచి ఒక మినహాయింపు ఉండేది. చర్మవైద్యుల సంఘం చాలా ఏళ్ళు అడగగా, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను ఆ మినహాయింపు నుంచి తీసివేసి, డాక్టరు చీటీ మీదనే అమ్మాలని చెప్పింది. చాలా మంచి పని. కాని చీటీ లేకుండా ఈ ట్యూబులు దొరకడం ఇంకా ఆగలేదని మా దగ్గరకు వచ్చే రోగులను చూస్తేనే తెలుస్తుంది.

దీనికి కారణం ప్రజల అజ్ఞానం అని తేల్చివేయడం న్యాయం కాదు. ఆసుపత్రికి వస్తే ఒక రోజు కూలి పోతుంది. బస్సు ఛార్జీ, ఓపీ చీటీ, సగం పూట వరుసలో నిలబడడం. అంగడిలో అయితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, పైగా అప్పు కూడా ఇస్తారు. తేలికైన దారి పక్కనే ఉండగా కష్టమైన దారిలో రమ్మని చెబితే ఎవరు వస్తారు? సరైన పద్ధతిని కూడా తేలిక చేయవలసిన బాధ్యత మా మీద ఉంది.

మా తప్పు కూడా ఒప్పుకుంటాము. ఎన్నో చీటీల మీద "పూతమందు, రోజుకు రెండుసార్లు" అని మాత్రమే రాసి పంపించాము. ఎంత పూయాలో రాయలేదు. ఎప్పుడు ఆపాలో రాయలేదు. మాత్రలైతే పది మాత్రలు, ఐదు రోజులు అని లెక్కపెట్టి ఇస్తాము. ట్యూబును మాత్రం ఊరికే చేతిలో పెట్టాము. వేలి మీద పిండి చూపించడానికి ఒక్క నిమిషం చాలు. ఆ ఒక్క నిమిషం మిగుల్చుకున్నందుకు రోగులు నెలలు, సంవత్సరాలు బాధపడ్డారు.

అందువలన మా విన్నపం ఇది. పూతమందు రాసే ప్రతి డాక్టరూ, ఇచ్చే ప్రతి ఫార్మసిస్టూ ట్యూబు డబ్బా మీద తెలుగులో మూడు మాటలు రాయాలి: ఎంత, ఎక్కడ, ఏ తేదీ వరకు. చదువురానివారికి వేలి మీద పిండి చూపించాలి. ఈ పని మా కిటికీ నుంచే మొదలు కావాలని కోరుతున్నాము. మేము మరచిపోతే మీరు అడగండి. "సార్, ఎంత పూయాలి? ఎక్కడ పూయాలి? ఎన్నాళ్ళు?" అని అడిగిన రోగి మమ్మల్ని అవమానించినట్టు కాదు, మాకు సహాయం చేసినట్టు.

అంగళ్ళు నడిపే సహోదరులకు కూడా మనవి. మీ దగ్గరికి వచ్చేది మీ ఊరి పిల్లలే. డబ్బా మీద ఆర్‌ఎక్స్ గుర్తు ఉన్న ట్యూబును చీటీ లేకుండా ఇవ్వకండి. ఒక ట్యూబు మీద వచ్చే లాభం ఎంత, ఒక ఆడపిల్ల ముఖం విలువ ఎంత?

కత్తిరించి ఇంట్లో పెట్టుకోండి

1. ఒకరి ట్యూబు ఇంకొకరు వాడకూడదు, తోడబుట్టినవారైనా సరే.
2. పాత ట్యూబును కొత్త జబ్బుకు వాడకూడదు.
3. పేరు చివర "సోన్" లేక "జోన్" అని ఉన్నా, క్లోబెటసాల్ అని ఉన్నా అది స్టెరాయిడ్ కావచ్చు. పూసే ముందు అడగండి.
4. రంగు కోసం, మొటిమల కోసం, మంగు కోసం సొంతంగా వాడవద్దు.
5. గుండ్రని దురద మచ్చకు, చీము పట్టిన పుండుకు డాక్టరు చూడకుండా పూయవద్దు.
6. చూపుడు వేలి మొదటి గీత వరకు ఒక కొలత. ఒక కొలత రెండు అరచేతులంత చోటుకు.
7. డాక్టరు రాసిన మందును భయపడి మానవద్దు, ఇష్టపడి పొడిగించవద్దు.
8. చాలాకాలంగా వాడుతున్నవారు ఉన్నట్టుండి ఆపకుండా, ట్యూబు తీసుకుని రండి.

ఖాళీ ట్యూబు చుట్ట చుట్టి తెచ్చిన ఆ అమ్మలాంటి వారు ఈ వారం కూడా మా కిటికీ దగ్గరకు వస్తారు. వారిని ఖాళీ చేతులతో పంపించము, అడిగిన ట్యూబు ఇచ్చి కూడా పంపించము. పక్కన కూర్చోబెట్టి, వేలు చాపమని, కొలత చూపిస్తాము. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి ట్యూబు కనబడితే ఈ పత్రిక ఒకసారి వారి చేతికి ఇవ్వండి.